ఎలుగొడ్డుకు తూటా చెప్పడానికి పోయి

ఓబులేసు ఫోన్ చేసినప్పుడు నేను మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. బాగున్నావా అనలేదు, తిన్నావా అనలేదు. "బావా, ఎలుగొడ్డుకు ఏ తూటా వేయల్ల?" అన్నాడు.

ఓబులేసుది కడప అవతల, లంకమల కొండల కింద ఒక ఊరు. నెల కిందట అతని భార్య లక్షుమ్మ మీద తోట దగ్గర ఎలుగుబంటి పడింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రిలో ఉండగా పోయి చూద్దామనుకుంటూనే నేను పోలేకపోయాను. లక్షుమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి ఓబులేసుకు నేను బావను. మా ఇళ్ళలో దేవుళ్ళు వేరైనా ఈ వరసలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

తూటా సంగతి నన్నే ఎందుకు అడిగాడంటే, నేను కర్నూలులో ముప్పై ఏళ్ళకు పైగా తుపాకుల మరమ్మతు అంగడిలో పనిచేసినవాణ్ణి. ఓబులేసు వాళ్ళ నాయన పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న జోడు గొట్టాల తుపాకిని ఎన్నోసార్లు మా అంగడికే తెచ్చేవాడు. ఆ పెద్దాయన పోయాక లైసెన్సూ తుపాకీ ఓబులేసు పేరిట మారాయి. అడవి పందులు చేలో పడితే గాల్లోకి పేల్చి బెదిరించడం తప్ప, ఆ ఇంట్లో దాంతో ఏ జీవినీ చంపింది లేదు.

"నేను రేపు వస్తాండా. నేనొచ్చేదాకా తుపాకిని ముట్టుకోవాకు" అన్నాను. తూటా చెప్పడానికి పోతున్నానని అతను అనుకున్నాడు. వద్దని చెప్పడానికి పోతున్నానని నేను అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగానే కర్నూలు బస్టాండులో డోన్ బస్సెక్కాను. నాతో ఒక సంచి, అందులో ఒక జత బట్టలు, గొట్టం తుడిచే కడ్డీ, నూనె సీసా, గుడ్డ ముక్కలు. ఎండ ఇంకా రాలేదు కాబట్టి కిటికీ పక్క సీటు సుఖంగానే ఉంది. ఎండాకాలంలో ఈ దారిన పోయేవాళ్ళకు నా సలహా ఒకటే, ఎంత నిద్ర చెడినా సరే తొలి బస్సు పట్టుకోండి.

డోన్‌లో దిగి, స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీలో కారం ఎలా ఉందంటే, పక్కనున్న లారీ డ్రైవరు నా మొహం చూసి అడక్కుండానే నీళ్ళ చెంబు ఇచ్చాడు. నంద్యాల వైపు పోయే ప్యాసింజరు కొంచెం ఆలస్యంగా వచ్చింది. టికెట్టు తీసుకుని ఎక్కితే కూర్చోవడానికి చోటు సులభంగానే దొరికింది.

నా ఎదురుగా బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన కూర్చున్నాడు. తెల్లచొక్కా వేసుకున్నా, వేళ్ళ సందుల్లో రాతిపొడి అలాగే ఉంది. సంచిలోంచి బయటికి కనబడుతున్న కడ్డీని చూసి ఇదేందప్పా అని అడిగాడు. చెప్పాను. ఎక్కడికి పోతున్నానో, ఎందుకు పోతున్నానో కూడా చెప్పాను. నాకు నోటి మీద అదుపు తక్కువ. ఈ కథంతా చదివాక ఆ మాట మీరే అంటారు.

"నా చిన్నప్పుడు మా గనుల కాడ గుట్టల్లో ఎలుగొడ్లు ఉండేవి" అన్నాడాయన. "మేం పలుగు తీసుకొని బండకేసి కొట్టుకుంటా పోయేటోళ్ళం. సప్పుడు ఇంటే అదే పక్కకు పోతాది. దానికి మన మీద కోపం కాదప్పా, బయం. పుట్టలో మూతి పెట్టుకొని ఉంటాది, మనం పక్కకు వచ్చేదాకా దానికి తెలీదు. తెలిసేసరికి మనం మీదికి వచ్చినామనుకుంటాది."

అడవి అంచున తిరిగేవాళ్ళు ఈ మాటలు గుర్తుంచుకోవచ్చు. ఒంటరిగా పోవద్దు, మాట్లాడుకుంటూ పోవాలి, కర్ర నేలకు తట్టుతూ పోవాలి, మసక వెలుతురులో అసలు పోవద్దు. నా ముప్పై ఏళ్ళ తుపాకుల జ్ఞానం కంటే ఇదే ఎక్కువ ప్రాణాలు కాపాడి ఉంటుంది. బేతంచెర్లలో ఆయన దిగుతూ, "మీ వాళ్ళకు తుపాకి వద్దని సెప్పు. పలుగు ఇయ్యి" అని నవ్వాడు.

నంద్యాలలో బండి మారాలి. రెండు బళ్ళకూ మధ్య వ్యవధి బాగానే ఉండటంతో స్టేషను దగ్గర అన్నం తిని, ప్లాట్‌ఫారం మీద ఫ్యాను కింద ఒక కునుకు తీశాను. కడప పోయే బండి మధ్యాహ్నపు ఎండలో బయల్దేరింది. బనగానపల్లె, కోవెలకుంట్ల దాటాక నల్లరేగడి నేలలు పగుళ్ళిచ్చి ఉన్నాయి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఈ ఎండకు కొండ మీద ఏ జీవికి మాత్రం నీళ్ళుంటాయి, ఏం తిని బతుకుతుంది అనిపించింది. ఎలుగుబంటి మీద జాలి పడటానికి కాదు నేను పోతున్నది, అయినా పడ్డాను.

ఆ ఎండలో కూర్చుని, ఓబులేసుకు చెప్పాల్సిన మాటలు ఒక వరసలో పెట్టుకున్నాను. మా అంగడి యజమాని మొదటి రోజే నాకు ఒక పద్ధతి నేర్పాడు. తుపాకిలో తప్పు కంటబడిందంటే అక్కడికక్కడే, నలుగురూ వినేట్టు గట్టిగా చెప్పాలి. మెల్లగా చెపుదామని ఊరుకుంటే, ఆ తప్పు నువ్వే చేశావంటారు. ఆ అలవాటు నాకు ఎముకల్లో ఇంకిపోయింది. మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా వీధి చివరి దాకా వినబడుతుందని నా భార్య ఎత్తిపొడుస్తుంటుంది.

కడపలో దిగి, బస్సు పట్టుకుని ఓబులేసు ఊరు చేరేసరికి పొద్దు వాలింది. కొత్తగా పోయేవాళ్ళు కడపలో బస్టాండు దగ్గరే గది తీసుకుని, పగటిపూట ఊరికి పోయి రావడం మంచిది. నాకు ఆ ఇబ్బంది లేదు. ఓబులేసు బస్సు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంటి ముందు కాళ్ళు కట్టేసిన కోడి నా కోసం కాచుకుని ఉంది. నేను వచ్చి బిస్మిల్లా చెప్పి కోస్తేనే ఆ ఇంట్లో ఆ రోజు కూర. వాళ్ళ నాయన కాలం నుంచీ అంతే.

లక్షుమ్మ బయటికి వచ్చింది. ఎడమ వైపు నుదురు నుంచి చెంప దాకా కుట్ల గుర్తులు. కన్ను ఉండాల్సిన చోట గుడ్డ కట్టుకుంది. నేను చెప్పులు విప్పడానికే చాలాసేపు తీసుకున్నాను. ఆమే అంది, "ఏమన్నా, మొకం సూసి బయపడినావా? నా మనవరాలు గూడా రెండు దినాలు దగ్గరికి రాలే. ఇప్పుడు అలవాటైపోయింది."

సంగటి, కోడికూర తింటుండగా జరిగిందంతా ఆమే చెప్పింది. వాళ్ళ మామిడితోట గట్టు మీద, కానుగ చెట్టు కింద మూడు రాళ్ళున్నాయి. గట్టమ్మ అంటారు. రెండేళ్ళ కిందట తోటలో ఎలుగుబంటి అడుగులు కనబడినప్పుడు, అది మళ్ళీ రాకుండా చూడమని లక్షుమ్మ ఆ తల్లికి మొక్కుకుంది. అప్పటి నుంచీ శుక్రవారం శుక్రవారం సాయంత్రం టెంకాయ కొట్టి చిప్పలు, బెల్లం, నువ్వుల ఉండలు అక్కడ పెట్టి, ప్రమిద నిండా నూనె పోసి దీపం వెలిగించి వచ్చేది. పెట్టింది పెట్టినట్టు తెల్లారేసరికి మాయమయ్యేది. అమ్మ ఆరగించిందని ఆడవాళ్ళు సంతోషపడేవాళ్ళు. కుక్కలేవో తిన్నాయిలే అని మగవాళ్ళు అనుకుని, ఆ మాట పైకి అనకుండా ఊరుకునేవాళ్ళు.

"ఒక్క శుక్రవారం జొరమొచ్చి పోలేకపోతిని అన్నా" అంది లక్షుమ్మ. "మళ్ళా శుక్రవారం పోతే, చెట్టు కాడనే ఉండాది ఆ గొడ్డు. మీద పడె. నేను మొక్కు తప్పినందుకు అమ్మ కన్ను తీసుకుంది. మొక్కినందుకు పానం ఇడిసిపెట్టింది. లెక్క సరిపాయె. ఇప్పుడు దినామూ పెట్టిస్తాండా, ఒక్క పూట గూడా తప్పడంల్యా."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. పోయిన కన్నుకు ఒక కారణం దొరికింది, ఆ కారణం ఆమె చేతిలో ఉంది, ఇక తప్పకుండా చూసుకుంటే చాలు. అన్నం వడ్డిస్తూ ఆమె తేలిగ్గా నవ్వగలగడం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ నవ్వు దేని మీద నిలబడి ఉందో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ఓబులేసుకు మాత్రం ఆ లెక్క సరిపోలేదు. "అమ్మ తీసుకుంటే తీసుకుంది. నేను మటుకు దాన్ని ఇడిసేది లేదు" అన్నాడు.

తెల్లారాక పెరట్లో మంచం వాల్చి, దుప్పట్లోంచి తుపాకి బయటికి తీశాడు. నేను దాన్ని మధ్యలో మడిచి తెరిచి, గొట్టాలు ఆకాశం వైపు పెట్టి లోపలికి చూశాను. కుడి గొట్టం బాగుంది. ఎడమ గొట్టం మధ్యలో ఒక నొక్కు, దాని వెంట తుప్పు.

"దీన్ని పేలిస్తే ఎలుగొడ్డు కంటే ముందు నువ్వు పోతావు" అన్నాను, అలవాటు ప్రకారం గట్టిగానే.

"అయితే కొత్తది ఏది కొనల్లో సెప్పు. నువ్వొచ్చింది దానికే గదా."

అప్పుడు రైల్లో వరస పెట్టుకున్న మాటలన్నీ చెప్పాను. చిన్న గుళ్ళ తూటా పిట్టలకు పనికొస్తుంది. ఎలుగుబంటి జుట్టులో, కొవ్వులో అవి ఇరుక్కుని దాన్ని రెచ్చగొట్టడానికి తప్ప చంపడానికి చాలవు. ఒకే పెద్ద గుండు ఉన్న తూటా అయితే పని చేస్తుంది, కానీ చాలా దగ్గర నుంచి, మొదటి దెబ్బకే సరైన చోట తగలాలి. అది వచ్చేది మసక చీకట్లో. నల్లటి పొదలో నల్లటి జంతువు. ఒంటి గొట్టం తుపాకితో దానికి ఎదురు నిలబడటం కొరివితో తల గోక్కోవడమే. రెండు గొట్టాలున్నా, చెయ్యి వణికిన మనిషికి రెండో తూటా దాకా సమయం చిక్కదు. "గాయపడి పొదలోకి పోయిందనుకో, మర్నాడు చింతకాయలకు పోయే ఇంకో ఆడమనిషి మీద పడతాది. ఆమె కన్ను ఎవురి లెక్కలో రాసుకుంటావు?" అన్నాను. ఇక చట్టం సంగతి. పంట కాపలా లైసెన్సు ఎలుగుబంటిని చంపడానికి ఇచ్చిన అనుమతి కాదు. చంపితే జైలు. దాన్ని పట్టుకుని దూరంగా వదలమని అటవీశాఖ వాళ్ళను అడగాలే తప్ప మనం చేయదగ్గ పని కాదు.

ఓబులేసు అంతా విన్నాడు. "అడిగినా. బోను తెస్తామన్న్యారు, ఇంగా రాలే. నీ సెల్లెలి కన్ను పోయింటే నువ్వు ఊరికే ఉంటావా బావా?" అన్నాడు.

"పోయింది నా సెల్లెలి కన్నే గదప్పా" అన్నాను.

చివరికి, ఎక్కడ నిలబడి కాల్చాలనుకుంటున్నాడో చూపించమన్నాను. ఆ చోటు చూస్తే అది కుదిరే పని కాదని అతనికే అర్థమయ్యేట్టు చెప్పవచ్చని నా ఉద్దేశం. ఎండెక్కక ముందే ఇద్దరం కర్రలు తట్టుకుంటూ తోటకు పోయాం.

గట్టమ్మ రాళ్ళకు పసుపు నిగనిగలాడుతోంది. ముందు రోజు కొట్టిన టెంకాయ చిప్పలు రెండూ లోపల తెలుపు లేకుండా గీకేసి ఉన్నాయి. కుక్క అలా గీకలేదు. ప్రమిద బోర్లా పడి ఉంది. తిప్పి చూస్తే వత్తి లేదు, నూనె చుక్క లేదు, నాకి తుడిచినట్టుంది. చెట్టు వెనక మెత్తటి మట్టిలో మనిషి పాదం లాంటి అడుగు, దాని ముందు పొడుగాటి గోళ్ళ గీతలు. ఇంకో రెండు బారల దూరంలో దాని పెంట. కర్రతో కదిలించి చూశాను. అందులో కొబ్బరి పీచు, అరగని నువ్వులు.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. దాచుకుని లాభం లేదు, సంతోషమే. తుపాకిలో ఎవరికీ అందని తప్పు నా వేలికి తగిలినప్పుడు కలిగే సంతోషం లాంటిది. ఓబులేసు చేతికి తుపాకి అక్కర్లేదు, అతను జైలుకు పోనక్కర్లేదు, ఎలుగుబంటి చావనక్కర్లేదు. అంతా ఒక్క దెబ్బతో తేలిపోయింది.

"దొరికింది ఓబులేసూ!" అని అరిచాను. "అది నీ తోట కోసం రావడంల్యా. ఈ కొబ్బరికి, ఈ బెల్లానికి వస్తాండాది. శుక్రవారం శుక్రవారం మీరే పిలిచి తిండి పెట్టినారు. ఒక వారం పెట్టకపోయేసరికి ఆకలితో ఈన్నే కాసుకోనింది. ఇప్పుడు దినామూ పెడతాండారు, దినామూ వస్తాండాది. ఇది ఆపండి, దానంతటదే కొండెక్కి పోతాది. తుపాకీ వద్దు, ఏమీ వద్దు!"

ఓబులేసు నా వైపు చూడటం లేదు. నా వెనక చూస్తున్నాడు. తిరిగి చూస్తే గట్టు కింద లక్షుమ్మ. ఒక చేతిలో మాకు తెచ్చిన టిఫిను, ఇంకో చేతిలో ఆ పూట అమ్మకు పెట్టాల్సిన టెంకాయ, బెల్లం, నువ్వుల ఉండలు ఉన్న పళ్ళెం. ఆ దెబ్బ తగిలాక ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి అని తర్వాత తెలిసింది. ఇన్నాళ్ళూ ఓబులేసు చేత పెట్టించింది. అన్న తోడున్నాడు కదా అన్న ధైర్యంతో ఆ పూట తానే వచ్చింది.

"అంటే, నేనే పిల్సుకున్న్యానా అన్నా?" అంది.

వీధి చివరి దాకా వినబడే నోరు నాది, ఆమె గట్టు కిందే ఉందని చూసుకోలేదు.

"ఆ వారం మొక్కు తప్పినందుకు గాదా?" అని మళ్ళీ అడిగింది. "పెట్టినందుకా?"

ఓబులేసు పళ్ళెం అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. గట్టెక్కి, వంగి గీకేసిన చిప్పలు రెండూ ఏరుకుంది, ప్రమిద ఏరుకుంది, అన్నీ పళ్ళెంలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది. ఎప్పుడూ దండం పెట్టకుండా గట్టు దిగని మనిషి ఆ రోజు పెట్టలేదు.

ఆ పగలంతా ఆ ఇంట్లో పనులు మామూలుగానే జరిగాయి. మధ్యాహ్నం నేనే వంటింటి గడప దగ్గర కూర్చుని సర్దిచెప్పబోయాను. "అమ్మకు టెంకాయ కొట్టు చెల్లెమ్మా, వద్దనేది ఎవరు? ఆడ ఇడిసిపెట్టకుండా, పగటిపూటే పోయి, చూపించి, నలుగురికీ పంచిపెట్టు. అంతే గదా" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఈ మాటే ముందుగా, ఓబులేసు ఒక్కడికే చెవిలో చెప్పి ఉంటే సరిపోయేది. అమ్మ పేరు చెప్పి అతనే ఆ ఆనవాయితీని మార్చేవాడు. ఎలుగుబంటి రావడం మానేది, లక్షుమ్మ లెక్క లక్షుమ్మకు మిగిలేది.

"పంచొచ్చులే అన్నా" అంది ఆమె, పొయ్యి వైపు చూస్తూ. "ఏమని మొక్కుకొని పంచల్లనో, అదే తెలీడంల్యా."

సాయంత్రం ఓబులేసు తుపాకిని మళ్ళీ దుప్పట్లో చుట్టాడు. పోలీసు స్టేషన్లో అప్పజెప్పేస్తానన్నాడు. నేను పోయిన పని నెరవేరింది. "నువ్వు సెప్పింది నిజమే బావా. నిజం గాకపోయింటే బాగుండు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కడప బస్సుకు బయల్దేరాను. లక్షుమ్మ గుమ్మం దాకా వచ్చి కాగితంలో కట్టిన పొట్లం ఒకటి నా సంచిలో పెట్టింది. "నిన్నటిది అన్నా. కొబ్బరి, బెల్లం, నువ్వుల ఉండలు. ఇంగ ఆడ పెట్టేకి లేదు గదా, నువ్వు తిను" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేది.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే. కడపలో బండి దాదాపు ఖాళీగా ఎక్కాను, ప్రొద్దుటూరులో నిండింది. నంద్యాలలో మారి డోన్ బండి ఎక్కాక ఎండ మళ్ళీ మొహానికి కొట్టింది. ఈ దారిన ప్రయాణానికి ఏ లోపమూ లేదు. బళ్ళు ఉన్నాయి, తిండి దొరుకుతుంది, పక్కవాళ్ళు మాట కలుపుతారు. కొండల కింది ఊళ్ళకు పోయేవాళ్ళు పెందలాడే పోండి, చప్పుడు చేసుకుంటూ పోండి. ఇళ్ళలోకి అడుగుపెట్టాక మాత్రం కొంచెం మెల్లగా మాట్లాడండి. ఎలుగుబంటికి పనికొచ్చే పద్ధతి మనుషులకు పనికిరాదని తెలుసుకోవడానికి నాకు ఇంత దూరం పోయి రావాల్సి వచ్చింది.

పాణ్యం దాటాక ఆకలేసి పొట్లం విప్పాను. పక్కన ముసలమ్మ ఒకామె, మంత్రాలయం మొక్కు తీర్చుకోవడానికి పోతోందట, ఆ కొబ్బరి వైపు చూసి అడిగింది. "పెసాదమాప్పా? ఏ దేవునిది?"

"గట్టమ్మది అవ్వా. కడప కాడ" అన్నాను.

ఆమెకు ఆ పేరు తెలిసే వీలు లేదు. అయినా చెయ్యి చాచి, నేనిచ్చిన ముక్కను కళ్ళకద్దుకుంది. రెండు కళ్ళకూ అద్దుకుంది. "సల్లని తల్లి. నమ్మినోళ్ళకు సెడుపు రానీదు" అని నోట్లో వేసుకుంది.

"అవునవ్వా" అన్నాను, మెల్లగా.

ఆ గొంతు నాకు ఒక రోజు ఆలస్యంగా వచ్చింది.